ఇల్లు మారింది, పాలసీ మారలేదు

అమెరికాలో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మకాం మార్చేవాళ్లు ముందు ట్రక్కు మాట్లాడుకుంటారు. తర్వాత అద్దె ఇల్లు, పిల్లల బడి, కరెంటు, ఇంటర్నెట్. ఇన్సూరెన్స్ వంతు వచ్చేసరికి అట్టపెట్టెలు సగం విప్పేసి ఉంటారు, రెండు పొరపాట్లలో ఒకటి అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఒకటి, పదిహేను రోజుల ప్రీమియం మిగులుతుంది కదా అని పాత పాలసీని ముందే ఆపేయడం. రెండోది, కొత్త చోట రేటు ఎక్కువనో, ఫోన్లు చేసే ఓపిక లేకో పాత అడ్రసు మీదే పాలసీ నడిపించడం. పాతదీ కొత్తదీ కలిసి నడిచే ఆ కొద్ది రోజుల ప్రీమియం దండగని చాలామంది లెక్క. నేను ఒప్పుకోను. మకాం మార్పులో పెట్టే ఖర్చులన్నిట్లోకీ గిట్టుబాటయ్యేది అదే. దండగ ఏదైనా ఉందంటే పాత అడ్రసు మీద కట్టే ప్రీమియమే.

ఈ దేశంలో ఇన్సూరెన్స్ ఇలా చిరునామాను పట్టుకుని వేలాడడానికి కారణం ఉంది. ఇన్సూరెన్స్ అంతర్రాష్ట్ర వ్యాపారమేననీ, దాని మీద ఫెడరల్ ప్రభుత్వానికి అధికారం ఉందనీ 1944లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరుసటి ఏడాదే అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) మెకారన్-ఫెర్గూసన్ చట్టం చేసి ఆ పెత్తనాన్ని తిరిగి రాష్ట్రాల చేతిలో పెట్టింది. ఎవరు అమ్మొచ్చు, ఏ లెక్కన రేటు కట్టొచ్చు, పాలసీలో కనీసం ఏముండాలి అన్నవి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం రాసుకుంది. దేశమంతా ఒకే ప్రకటన ఇచ్చే కంపెనీ కూడా లోపల వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు అనుబంధ సంస్థల పేరుతో పాలసీ రాస్తుంది. పేరు పెద్దది కాబట్టి ఎక్కడైనా చెల్లుతుందన్న ధీమా అక్కడే బెడిసికొడుతుంది.

కార్డు జేబులోనే ఉంది, మరి కవరేజీ?

ఉద్యోగం మారకుండా ఊరు మాత్రం మారేవాళ్లకు అన్నీ మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తాయి. జీతంలోంచి ప్రీమియం కోత పడుతూనే ఉంటుంది. హెల్త్ కార్డు తీసి ముందువైపు చూడండి. హెచ్ఎంఓ అనో ఈపీఓ అనో ఉంటే, ప్లాన్‌తో ఒప్పందమున్న డాక్టర్లు, ఆసుపత్రులు, అంటే నెట్‌వర్క్ బయట అత్యవసర వైద్యం తప్ప దాదాపు ఇంకేదీ కట్టదు. కైజర్ పర్మనెంటే ఆసుపత్రులూ డాక్టర్లూ కాలిఫోర్నియాలో ఉన్నారు, జార్జియాలో ఉన్నారు, మేరీలాండ్, వర్జీనియాల్లో ఉన్నారు, టెక్సాస్‌లో లేరు. నెట్‌వర్క్ బయట కూడా కొంత కట్టే పీపీఓ అయితే నయం. బ్లూక్రాస్ బ్లూషీల్డ్ కార్డు మీద చిన్న సూట్‌కేస్ బొమ్మ, దాని లోపల పీపీఓ అన్న అక్షరాలు ఉంటే, బ్లూకార్డ్ ఒప్పందం కింద మరో రాష్ట్రపు బ్లూ నెట్‌వర్క్ కూడా మీకు పనికొస్తుంది. సూట్‌కేస్ ఖాళీగా ఉంటే అంత భరోసా లేదు. కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, కొత్త ఇంటి జిప్‌కోడ్ చెప్పి, అక్కడ మామూలు డాక్టరు విజిట్‌కు ఇన్-నెట్‌వర్క్ కింద కడతారా లేదా అని అడగాలి. "మా ప్లాన్ ఆ రాష్ట్రంలో పనిచేస్తుందా?" అని అడిగితే పనిచేస్తుందనే అంటారు. అత్యవసరానికి ఎక్కడైనా పనిచేస్తుంది మరి.

హెచ్ఆర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి: మన ప్లాన్ సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్సూర్డా? పెద్ద కంపెనీల ప్లాన్లు ఎక్కువగా మొదటి రకం. క్లెయిమ్ డబ్బు కంపెనీదే, కార్డు మీద పేరున్న సంస్థ లెక్కలు చూసిపెడుతుందంతే. అవి 1974 నాటి ఎరిసా అనే ఫెడరల్ చట్టం కిందికి వస్తాయి, రాష్ట్రాలు పెట్టే తప్పనిసరి కవరేజీ నిబంధనలు వాటికి అంటవు. సంతానం కోసం చికిత్స తీసుకుంటున్న దంపతులకు ఇది చాలా పెద్ద తేడా. న్యూజెర్సీ, ఇల్లినాయ్, మసాచుసెట్స్ చట్టాలు ఆ చికిత్సకు కవరేజీ ఇవ్వమంటాయి. "అక్కడికి వెళ్తే ఐవీఎఫ్ కవరవుతుందట" అని ఊరు మారి, తీరా చూస్తే ప్లాన్ సెల్ఫ్ ఫండెడ్ అయితే ఆ చట్టం మీ దాకా రాదు.

గడువుల దగ్గర ఇంకో మెలిక ఉంది. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే హెల్త్‌కేర్ డాట్ గవ్ లాంటి చోట, ఇల్లు మారినవాళ్లకు 60 రోజుల ప్రత్యేక నమోదు గడువు ఉంటుంది. ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్‌లో చేరడానికి చట్టం హామీ ఇచ్చే గడువు సాధారణంగా 30 రోజులే. భార్య కంపెనీ ప్లాన్‌లోకి మారదామనుకున్న భర్త, ఎక్కడో 60 అని చదివి 40వ రోజున ఫారం పంపితే, సాధారణంగా మళ్లీ ఏటా ఒకసారి వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సిందే. ఈ రెండు అంకెలూ ఎందుకు వేరుగా ఉండాలో సామాన్యుడికి అర్థమయ్యే కారణం ఏదీ లేదు. రెండు చట్టాలు, రెండు కాలాలు, మధ్యలో మనం.

ఉద్యోగమూ రాష్ట్రమూ కలిసి మారితే తేదీలు కాగితం మీద పెట్టుకోవాలి. ఒక ఉదాహరణ. న్యూజెర్సీలో ఆఖరి పనిదినం ఆగస్టు 14. డల్లాస్‌లో కొత్త ఉద్యోగం సెప్టెంబరు 8న. కొత్త కంపెనీ కవరేజీ చేరిన తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి, అంటే అక్టోబరు 1. పాత కంపెనీ ఆఖరి పనిదినంతోనే కవరేజీ ఆపేసేదైతే ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 30 దాకా 47 రోజులు ఖాళీ. నెలాఖరు దాకా ఇచ్చేదైతే 30 రోజులు. కాబట్టి రాజీనామా ఇచ్చేముందే అడగాల్సింది ఇది. వీలైతే ఆఖరి రోజును సెప్టెంబరు 1కి జరిపితే, నెలాఖరు కంపెనీలో మొత్తం ఖాళీయే పోతుంది. కొత్త కంపెనీ వెయిటింగ్ పీరియడ్ చట్టప్రకారం 90 రోజులు మించకూడదు, కానీ 90 దాకా పెట్టొచ్చు. ఆఫర్ లెటర్‌లో జీతం కింద ఆ లైను వెతకండి.

ఆ 47 రోజులకు కోబ్రా ఉంది, అంటే ఉద్యోగం వదిలాక పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే హక్కు. ఇరవై మందీ అంతకుపైనా ఉద్యోగులున్న కంపెనీలకు అది వర్తిస్తుంది. ఖరీదు ఎక్కువ, ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటాతో కలిపి మొత్తం ప్రీమియం, ఆపైన 2 శాతం. అయితే అందులో ఒక వెసులుబాటు ఉంది. ఎంచుకోవడానికి 60 రోజులు, ఎంచుకున్నాక మొదటి చెల్లింపుకు ఇంకో 45 రోజులు సమయం ఇస్తారు, కవరేజీ మాత్రం పాతది ఆగిన రోజు నుంచే లెక్క. పై ఉదాహరణలో 60 రోజుల గడువు ఎంత తొందరగా ముగిసినా అక్టోబరు 13. అప్పటికి కొత్త కవరేజీ వచ్చేసి ఉంటుంది. అంటే ఈ మధ్యలో ఎవరికీ ఏమీ కాకపోతే కోబ్రా కట్టనక్కర్లేదు. చెయ్యి విరిగితే అప్పుడు ఎంచుకుని ఆగస్టు 15 నుంచి కట్టొచ్చు. ఇక్కడా గోతులున్నాయి. ఎంచుకోనంతవరకు ఫార్మసీ కంప్యూటర్‌లో మీ పేరు ఎదురుగా ఇన్‌యాక్టివ్ అనే వస్తుంది. చేతి డబ్బు పెట్టి తర్వాత క్లెయిమ్ వేసుకోవాలి. పాత ప్లాన్ న్యూజెర్సీ హెచ్ఎంఓ అయితే, డల్లాస్‌లో కూర్చుని కోబ్రా కట్టినా దక్కేది చాలావరకు అత్యవసర వైద్యమే. ఇంకోటి, కోబ్రా నోటీసు పోస్టులో పాత ఇంటికి వెళ్తుంది. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టడం ఎంత అల్పమైన పనిగా కనిపిస్తుందో, ఆ కవరు పోతే అంత బాధ.

మార్కెట్‌ప్లేస్ ప్లాను సంగతి సూటిగా చెప్పొచ్చు: అది రాష్ట్రం దాటదు. కొన్నిసార్లు కౌంటీ కూడా దాటదు. పాత దరఖాస్తులో అడ్రసు మారిస్తే సరిపోదు, కొత్త రాష్ట్రంలో కొత్త దరఖాస్తు పెట్టాలి. టెక్సాస్, ఫ్లోరిడా, నార్త్ కరోలినా హెల్త్‌కేర్ డాట్ గవ్ మీద నడుస్తాయి. కాలిఫోర్నియాకు కవర్డ్ కాలిఫోర్నియా, పెన్సిల్వేనియాకు పెన్నీ, జార్జియాకు జార్జియా యాక్సెస్, న్యూజెర్సీకి గెట్ కవర్డ్ ఎన్‌జే. ఒకదాంట్లో చేరితే ఇంకోటి దానంతటది ఆగదు. పాతదాన్ని మీరే తేదీ వేసి ఆపాలి. లేకపోతే ప్రీమియం తగ్గించడానికి ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ రెండుచోట్లా వెళ్తూ ఉంటుంది, ఆ లెక్క పన్నుల సమయంలో 8962 ఫారంలో తేలుతుంది. ఎక్కువ తీసుకున్న సబ్సిడీలో ఎంత వెనక్కి కట్టాలన్న దానికి ఇంతకుముందు ఆదాయాన్ని బట్టి పరిమితి ఉండేది. 2026 పన్ను సంవత్సరం నుంచి ఆ పరిమితి ఎత్తేశారు, మొత్తం కట్టాల్సిందే.

మార్కెట్‌ప్లేస్‌లో ఇల్లు మారినవాళ్లకిచ్చే ఆ 60 రోజుల గడువుకు ఒక షరతు ఉంది. మారడానికి ముందటి 60 రోజుల్లో కనీసం ఒక్క రోజైనా అర్హమైన కవరేజీ ఉండి ఉండాలి. విదేశం నుంచి వచ్చినవాళ్లకు ఈ షరతు లేదు. పాత ఊళ్లో ఉద్యోగం పోయాక మూడు నెలలు ఏమీ లేకుండా గడిపి, "ఎలాగూ ఊరు మారుతున్నాం, అప్పుడు తీసుకుందాం" అనుకునేవాళ్లకు ఇక్కడే తలుపు మూసుకుపోతుంది. కొత్త కవరేజీ సాధారణంగా ప్లాన్ ఎంచుకున్న తర్వాతి నెల ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి 31న ఎంచుకోవడానికీ 1న ఎంచుకోవడానికీ నెల రోజుల తేడా. కేవలం వైద్యం కోసం కొన్నాళ్లు వెళ్లి ఉండడాన్ని మారడం కింద లెక్కించరు.

ఏడాది మధ్యలో ప్లాన్ మారితే డిడక్టిబుల్ (ప్లాన్ కట్టడం మొదలుపెట్టేముందు మీరు పెట్టుకోవాల్సిన ఖర్చు) మళ్లీ సున్నా నుంచి మొదలు. 2026లో మార్కెట్‌ప్లేస్ ప్లాన్లలో ఒక మనిషి జేబులోంచి పెట్టే గరిష్ఠ ఖర్చు 10,600 డాలర్ల దాకా ఉండొచ్చు. జూన్‌లో పాత ప్లాన్‌లో ఆ గీత తాకి జులైలో మారితే, మళ్లీ మొదటి డాలరు నుంచి లెక్క. శస్త్రచికిత్స ఉంటే మారేలోపు చేయించుకోవడమా, వాయిదా వేయడమా అన్నది ఈ అంకె చూసి తేల్చుకోవాలి. గర్భిణులకు ఇంకా చిక్కు. ఏడో నెల దాటాక కొత్తగా వచ్చిన పేషెంట్‌ను తీసుకోవడానికి చాలామంది డాక్టర్లు వెనకాడతారు. మామూలుగా కాన్పు మొత్తానికి ఒకే ప్యాకేజీ బిల్లు ఉంటుంది, మధ్యలో మారితే పాత డాక్టరు విజిట్లకు విడిగా, కొత్త డాక్టరు కాన్పుకు విడిగా, రెండు డిడక్టిబుల్స్ మీద పడతాయి. దీనితోపాటు జీతం సంగతి: న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో కాన్పుకూ పసిబిడ్డ సంరక్షణకూ రాష్ట్రం నడిపించే వేతన సెలవు పథకాలున్నాయి. టెక్సాస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటిది లేదు. మూడు నెలలు ఆగి మారగలిగితే ఆగండి అని ఇలాంటివాళ్లకు మొహమాటం లేకుండా చెప్తాను.

మందులు వేసుకునేవాళ్లు బయల్దేరేముందు 90 రోజుల సరఫరా తీసుకోవాలి. పాత ప్లాన్‌లో కష్టపడి తెచ్చుకున్న ప్రయర్ ఆథరైజేషన్ (మందుకు ముందస్తు అనుమతి) కొత్త ప్లాన్‌కు రాదు, డాక్టరు మళ్లీ మొదటినుంచి పంపాలి. వీడియో కాల్ మీద పాత డాక్టరునే చూద్దామంటే, ఆ సమయంలో పేషెంట్ ఏ రాష్ట్రంలో ఉన్నాడో అక్కడి లైసెన్సు డాక్టరుకు ఉండాలి. అందుకే కాల్ మొదట్లోనే "ఇప్పుడు మీరెక్కడున్నారు?" అని అడుగుతారు.

దారిలో ఏదైనా జరిగితే? నో సర్‌ప్రైజెస్ చట్టం 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అత్యవసర వైద్యానికి నెట్‌వర్క్ బయటి ఆసుపత్రికి వెళ్లినా ఇన్-నెట్‌వర్క్ వాటా మించి వసూలు చేయకూడదు. హెలికాప్టర్ అంబులెన్స్ కూడా అందులో ఉంది. రోడ్డు మీద వచ్చే మామూలు అంబులెన్స్ లేదు! ప్రాణాపాయం తప్పాక, "నెట్‌వర్క్ బయటి రేటుకు ఒప్పుకుంటున్నాను" అని ఓ కాగితం సంతకానికి తెస్తే, చదవకుండా పెట్టొద్దు.

కారు: నంబరు ప్లేట్ చెప్పే మాట

హెల్త్‌లో గడువు ప్రధానం, కారు ఇన్సూరెన్స్‌లో వరస ప్రధానం. కొత్త రాష్ట్రపు పాలసీ తీసుకోవాలి, దాంతో కారు రిజిస్టర్ చేయించాలి, పాత నంబరు ప్లేట్లు పాత రాష్ట్రానికి అప్పగించి రసీదు తీసుకోవాలి, ఆ రసీదు తేదీతో పాత పాలసీ ఆపాలి. ఈ నాలుగింటిలో ఆఖరిదాన్ని ముందుకు జరిపినవాళ్లకే జరిమానాలు. న్యూయార్క్‌లో ప్లేట్లు ఇవ్వకుండా ఇన్సూరెన్స్ ఆపితే కంపెనీ నుంచి డీఎంవీకి, అంటే రాష్ట్ర వాహనాల శాఖకు, సమాచారం వెళ్లిపోతుంది. మొదటి 30 రోజులకు రోజుకు 8 డాలర్లు, తర్వాతి 30 రోజులకు 10, ఆ తర్వాతి 30కి 12 చొప్పున జరిమానా. 90 రోజులు దాటితే రిజిస్ట్రేషన్‌తోపాటు లైసెన్సు కూడా సస్పెండ్ చేస్తారు. కారుకు డల్లాస్‌లో కొత్త పాలసీ ఉందని చూపించినా లాభం లేదు, న్యూయార్క్ ప్లేటున్న కారుకు న్యూయార్క్ ఇన్సూరెన్సే కావాలి. ఫ్లోరిడాలో కూడా ముందు ప్లేటు, తర్వాతే పాలసీ రద్దు. తప్పితే లైసెన్సు తిరిగి తెచ్చుకోవడానికి 500 డాలర్ల దాకా రుసుము. ప్లేట్లు పోస్టులో పంపే వీలున్నచోట ట్రాకింగ్ నంబరు దాచుకోండి.

కొత్త చోట రిజిస్టర్ చేయడానికి ఇచ్చే సమయం కూడా తక్కువే. కాలిఫోర్నియాలో కారుకు 20 రోజులు, లైసెన్సుకు 10. టెక్సాస్‌లో కారుకు 30, లైసెన్సుకు 90. ఫ్లోరిడాలో కారుకు 10, లైసెన్సుకు 30. లోన్ మీద ఉన్న కారైతే టైటిల్ (యాజమాన్య పత్రం) బ్యాంకు దగ్గర ఉంటుంది, బ్యాంకు దాన్ని కొత్త డీఎంవీకి పంపడానికి వారాలు పడుతుంది. ట్రక్కు బుక్ చేసిన రోజే బ్యాంకుకు ఫోన్ చేయాలి. వీసా మీద ఉన్నవాళ్లకు లైసెన్సు గడువు దేశంలో ఉండే గడువు చూపే ఐ-94 పత్రంతో ముడిపడి ఉంటుంది కనుక ఆ కాగితాలు ట్రక్కులో కాక చేతిసంచిలో ఉండాలి.

అసలు తేడా మాత్రం పాలసీ లోపల ఉంది. కనీస పరిమితులు రాష్ట్రానికో రకం. కాలిఫోర్నియా ఎన్నో దశాబ్దాల తర్వాత 2025 జనవరి నుంచి 15/30/5ని 30/60/15కి పెంచింది: ఒక మనిషి గాయానికి 30 వేలు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఎదుటివాడి ఆస్తికి 15 వేల డాలర్లు. టెక్సాస్‌ది 30/60/25. నార్త్ కరోలినా 2025 జులై నుంచి 50/100/50. ఫ్లోరిడాలో రిజిస్ట్రేషన్‌కు సొంత గాయాల కింద పీఐపీ 10 వేలు, ఆస్తి నష్టానికి 10 వేలు చాలు. ఎదుటి మనిషి గాయానికి కవరేజీ లేకుండానే ప్లేటు ఇస్తారు. అక్కడ మీ కారును గుద్దేవాడి దగ్గర మీ ఆసుపత్రి బిల్లుకు పైసా లేకపోవచ్చు. అందుకే ఫ్లోరిడా వెళ్లేవాళ్లకు, గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేకపోతే మన గాయాలకు కట్టే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ తీసెయ్యవద్దని నొక్కి చెప్పాలి.

న్యూజెర్సీ నుంచి టెక్సాస్ వెళ్లేవాళ్లు గమనించని సంగతి ఇది. న్యూజెర్సీలో పీఐపీ తప్పనిసరి. తప్పు ఎవరిదైనా మీ వైద్యం ఖర్చు ముందు మీ కారు పాలసీయే కడుతుంది, స్టాండర్డ్ పాలసీలో మీరు తగ్గించుకోకపోతే అది 2,50,000 డాలర్ల దాకా. టెక్సాస్‌లో కంపెనీ 2,500 డాలర్ల పీఐపీని మీ ముందు పెట్టాలి, వద్దంటే మీరు రాతపూర్వకంగా వద్దనాలి. అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీకి కూడా అదే పద్ధతి. ఆన్‌లైన్‌లో పాలసీ కొంటున్నప్పుడు ఆఖర్న నాలుగైదు పత్రాలకు కలిపి ఒకే ఈ-సంతకం అడుగుతారు. వాటిలో రెండు ఈ తిరస్కరణ పత్రాలే. "ఇంత చవకగా వచ్చిందే!" అని సంబరపడే కోట్‌లో సగం రహస్యం అక్కడుంది. పాత పాలసీ డిక్లరేషన్ పేజీని (కవరేజీలూ పరిమితులూ రాసి ఉండే పేజీ) పక్కన పెట్టుకుని, వరసకు వరస పోల్చి చూశాకే సంతకం పెట్టండి. ఆ పేజీ ఇంకో విధంగానూ పనికొస్తుంది: మధ్యలో ఖాళీ లేకుండా ఇన్సూరెన్స్ ఉన్నట్టు కొత్త కంపెనీకి అదే రుజువు. ఖాళీ ఉంటే రేటు పెరుగుతుంది. కాలిఫోర్నియా, మసాచుసెట్స్, హవాయిలలో కారు ప్రీమియానికి క్రెడిట్ స్కోరు చూడకూడదు, మిగతా చాలాచోట్ల చూస్తారు. మంచి స్కోరుతో కాలిఫోర్నియా నుంచి బయటికి వెళ్లేవాళ్లకు అది కలిసొస్తుంది, కొత్తగా దేశానికొచ్చిన వాళ్లకు ఎదురు తిరుగుతుంది.

సామాను, బంగారం, వదిలి వచ్చిన ఇల్లు

ట్రక్కు కంపెనీ ఇచ్చేది ఇన్సూరెన్స్ కానే కాదు, దాన్ని వాల్యుయేషన్ అంటారు. ఫెడరల్ నిబంధనల ప్రకారం రెండు రకాలు. ఏమీ చెప్పకపోతే ఫుల్ వాల్యూ ప్రొటెక్షన్, అంటే బాగుచేసి ఇవ్వాలి, లేదా అలాంటిది తెచ్చివ్వాలి, లేదా డబ్బివ్వాలి. దానికి విడిగా ఖర్చవుతుంది. రెండోది ఉచితం, రిలీజ్డ్ వాల్యూ. దానికి మీరు ప్రత్యేకంగా సంతకం పెట్టాలి, అందులో వస్తువు బరువును బట్టి పౌనుకు 60 సెంట్లు ఇస్తారు. 40 పౌన్ల టీవీ పగిలితే 24 డాలర్లు, 5 పౌన్ల ల్యాప్‌టాప్ పోతే 3 డాలర్లు. ఎక్కింపు రోజు పొద్దున, కుర్రాళ్లు సోఫా మోస్తుండగా, సూపర్‌వైజర్ బిల్ ఆఫ్ లేడింగ్ (సామాను రవాణా ఒప్పందం) తెచ్చి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తాడు. ఆ మూడింట్లో ఒకటి ఈ 60 సెంట్ల గడి.

మీరు సొంతంగా సర్దిన పెట్టెల మీద జాబితాలో పీబీఓ అని రాస్తారు; పెట్టెకు బయట దెబ్బ కనిపించకపోతే లోపల పగిలినదానికి వాళ్ల బాధ్యత నిరూపించడం కష్టం. పౌనుకు 100 డాలర్లు మించిన విలువున్న వస్తువుల్ని హై వాల్యూ జాబితాలో రాయకపోతే ఫుల్ వాల్యూలో కూడా పూర్తి డబ్బు రాదు. దింపేటప్పుడు కనిపించిన నష్టం సంతకానికి ముందే కాగితం మీద రాయండి. క్లెయిమ్‌కు 9 నెలల సమయం ఉంది. అందిన 30 రోజుల్లో వాళ్లు అందిందని చెప్పాలి, 120 రోజుల్లో తేల్చాలి. బ్రోకర్‌తో కుదుర్చుకుంటే సామాను మోసేది ఇంకో కంపెనీ, బాధ్యతా దానిదే, కనుక దాని యూఎస్‌డాట్ నంబరు (ఫెడరల్ రవాణా శాఖ దగ్గర నమోదు నంబరు) ముందే అడిగి తెలుసుకోవాలి.

నగలు ట్రక్కులో ఎక్కించరు, ఎక్కించకూడదు. వెంట తీసుకెళ్లినా, రెంటర్స్ (అద్దె ఇంటి) లేదా హోమ్ పాలసీలో ఆభరణాల దొంగతనానికి పరిమితి చాలా పాలసీల్లో సుమారు 1,500 డాలర్లే. మన ఇళ్లలో రెండు గాజులకు కూడా అది చాలదు. విలువ కట్టించిన ధ్రువపత్రంతో విడిగా షెడ్యూల్ చేయించాలి, అంటే పాలసీలో ప్రతి నగనూ పేరు పెట్టి రాయించాలి, అదీ బయల్దేరేముందే.

న్యూజెర్సీ ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి వెళ్తే హోమ్ఓనర్స్ పాలసీ పనికిరాదు. అది మీరు కాపురమున్న ఇంటికి రాసింది. ల్యాండ్‌లార్డ్ పాలసీకి మారాలి. ఖాళీగా ఉంచితే 60 రోజులు దాటాక విధ్వంసం లాంటి నష్టాలకు చాలా పాలసీలు కట్టవు. కొత్త ఇల్లు గల్ఫ్ తీరంలోనో ఫ్లోరిడాలోనో అయితే వరద ఇన్సూరెన్స్ వేరే కొనాలి. ప్రభుత్వ ఎన్ఎఫ్ఐపీ పాలసీకి 30 రోజుల నిరీక్షణ ఉంటుంది, ఇంటి లోన్ ముగింపుతోపాటు తీసుకుంటే ఆ నిరీక్షణ ఉండదు. తుఫాను పేరు వార్తల్లోకి వచ్చాక చాలా కంపెనీలు కొత్త ఇంటి పాలసీ రాయవు.

పెద్దవాళ్లు

అరవై ఐదు దాటిన తల్లిదండ్రులకు ఒరిజినల్ మెడికేర్ (వృద్ధుల కోసం ఫెడరల్ ప్రభుత్వమే నేరుగా నడిపే ఆరోగ్య ఇన్సూరెన్స్) ఉంటే దేశమంతా ఒకటే, అడ్రసు మార్పిస్తే చాలు. ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్, మందుల పార్ట్ డి ప్లాన్లు మాత్రం ప్రాంతానికి కట్టుబడినవి. మారకముందే ప్లాన్‌కు చెప్తే, మారే నెలకు ముందు నెల నుంచి మారాక రెండు పూర్తి నెలల దాకా కొత్తది ఎంచుకోవచ్చు. ఒరిజినల్ మెడికేర్ కట్టని వాటా కట్టే మెడిగ్యాప్ పాలసీ సాధారణంగా వెంట వస్తుంది, తొందరపడి వదలొద్దు; చాలా రాష్ట్రాల్లో కొత్తది కొనాలంటే ఆరోగ్య ప్రశ్నలు అడిగి కాదనొచ్చు.

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు రాష్ట్రాలు నడిపే మెడికెయిడ్ రాష్ట్రం దాటదు. కొత్త రాష్ట్రంలో ఇన్నాళ్లు నివాసం ఉండాలన్న నిరీక్షణ ఏదీ పెట్టకూడదు, చేరిన రోజే దరఖాస్తు పెట్టొచ్చు. కానీ అర్హత వేరు. వయోజనులకు మెడికెయిడ్ విస్తరించిన 40 రాష్ట్రాల్లో కాలిఫోర్నియా, న్యూజెర్సీ ఉన్నాయి. టెక్సాస్, ఫ్లోరిడా లేవు. గ్రీన్‌కార్డు వచ్చి అయిదేళ్లు కానివాళ్లకు ఫెడరల్ నిబంధన అడ్డం పడుతుంది, కొన్ని రాష్ట్రాలు తమ సొంత డబ్బుతో ఆ లోటు పూడుస్తాయి, కొన్ని పూడ్చవు. అబ్బాయి ఉద్యోగం కోసం కుటుంబమంతా కదిలేటప్పుడు అమ్మ డయాలసిస్ ఏ కార్డు మీద నడుస్తోందో ఆఫర్ ఒప్పుకోకముందే చూడాలి.

వ్యక్తిగతంగా తీసుకున్న టర్మ్ లైఫ్ పాలసీకి ఏ చిక్కూ లేదు, అడ్రసు రాయించండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ లైఫ్ ఉద్యోగంతో పోతుంది. సొంత పాలసీగా మార్చుకోవడానికి సాధారణంగా 31 రోజులు.

స్నేహితుడి ఇంటి అడ్రసు

ఇక పాత అడ్రసు సంగతి. "ఆర్నెల్లేగా, కారు ఇంకా ఒహాయో అడ్రసు మీదే ఉంచాం, అక్కడ చవక" అనేవాళ్ల వాదనలో కొంత నిజం లేకపోలేదు. పాలసీలోనే ఒక క్లాజు ఉంటుంది: వేరే రాష్ట్రంలో నడుపుతున్నప్పుడు ఆ రాష్ట్రపు కనీస పరిమితులకు మీ కవరేజీ దానంతటదే పెరుగుతుందని. అయితే ఆ క్లాజు చుట్టపుచూపుగా వెళ్లినవాళ్ల కోసం రాసింది. రేటు కట్టింది కారు రాత్రిళ్లు ఎక్కడ నిలుస్తుందన్న దాని మీద. చిన్న గీతలకు ఎవరూ అడగరు. మనిషికి గట్టి దెబ్బ తగిలి క్లెయిమ్ లక్షల్లోకి వెళ్లిన రోజు అడ్జస్టర్, అంటే కంపెనీ తరఫున క్లెయిమ్ విచారించే మనిషి, అపార్ట్‌మెంట్ లీజు, టోల్ రికార్డు, పిల్లల బడి కాగితం అడుగుతాడు. అవన్నీ ఒకే ఊరు పేరు చెప్తే, అబద్ధపు సమాచారం ఇచ్చారన్న కారణం మీద క్లెయిమ్ కాదనడానికో పాలసీయే రద్దు చేయడానికో దారి దొరుకుతుంది. ఏడాదికి కొన్ని వందలు మిగుల్చుకున్నది ఆ రోజు కోసమా?

ఇంటినుంచి పనిచేస్తూ కంపెనీకి చెప్పకుండా మారినవాళ్లది ఇంకో రకం ఇబ్బంది. పన్నుల గొడవ అందరికీ తెలుసు. ఉద్యోగంలో గాయపడితే ఆదుకునే వర్కర్స్ కాంపెన్సేషన్ కూడా రాష్ట్రాన్ని బట్టే ఉంటుంది. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్‌లలో యజమాని దాన్ని ప్రైవేటు కంపెనీ దగ్గర కొనడానికి లేదు, సాధారణంగా రాష్ట్ర నిధిలోనే కట్టాలి. టెక్సాస్‌లో ప్రైవేటు యజమానికి అది తప్పనిసరే కాదు. హెచ్ఎస్ఏలో (వైద్యం ఖర్చుల పొదుపు ఖాతా) డబ్బు వేసుకునేవాళ్లకు కాలిఫోర్నియా, న్యూజెర్సీ రాష్ట్రపన్ను మినహాయింపు ఇవ్వవు. ఇవన్నీ పేరోల్‌లో అడ్రసు మారితేనే సరిపడతాయి. హెచ్ఆర్‌కు మెయిల్ రాసేటప్పుడు కొత్త అడ్రసుతోపాటు మారిన తేదీ కూడా రాయండి. 30 రోజుల గడువు మీద పేచీ వస్తే ఆ మెయిల్ మీద ఉన్న తేదీయే అక్కరకొస్తుంది.